తిరుపతి, చిత్తూరు బడుల్లో కరెంటు ఆదా: ముందు దేనికి డబ్బు పెట్టాలి, దేనికి ఆగాలి?

కరెంటు బిల్లు చేతికొచ్చిన రోజు స్టాఫ్‌రూమ్‌లో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "సోలార్ పెట్టేస్తే పోలా?" ఇంకొకరు ఫ్యాన్లన్నీ మార్చేద్దాం అంటారు. సైన్స్ టీచర్ పిల్లల్లో అవగాహన రావాలంటారు, పీఈటీ ర్యాలీ తీద్దామంటారు. ఎవరి మాటా కొట్టేయాల్సింది కాదు గానీ, అన్నీ ఒకేసారి చేసేంత డబ్బు, ఓపిక ఏ బడిలోనూ ఉండవు. కాబట్టి వరస ముఖ్యం. నా వరస ఇదీ: ముందు మీటర్, తర్వాత మోటారూ లైట్లూ, ఆ తర్వాత ఫ్యాన్లు, పైకప్పు, అన్నిటికన్నా ఆఖర్న సోలార్. ఎందుకో లెక్కలతో సహా కింద రాశాను, మీ బడి లెక్క వేరుగా ఉంటే వరస మార్చుకోండి.

ఏం చూసి ఎంచుకోవాలి

మొదటిది, ఖర్చు పెట్టేదెవరు, మిగిలిన డబ్బు ఎవరి జేబులోకి పోతుంది అన్నది. ప్రైవేటు బడిలో రెండూ కరస్పాండెంట్‌వే, సమస్య లేదు. ప్రభుత్వ బడిలో బిల్లు ఎక్కడో పైన కడుతుంటే, ఆదా చేసినందుకు బడికి రూపాయి తిరిగి రాదు. అలాంటప్పుడు హెచ్‌ఎం గారికి ఉత్సాహం ఎలా వస్తుంది చెప్పండి?

రెండోది చాలామంది మర్చిపోయేది: బడి నడిచే గంటలు తక్కువ. ఇంట్లో ఫ్యాను రోజుకు 15 గంటలు, ఏడాది పొడవునా తిరుగుతుంది. బడిలో రోజుకు 7 గంటలు, ఏడాదికి 200 రోజులు లెక్కేసుకున్నా 1,400 గంటలే. అందుకే ఇంట్లో ఏడాదిన్నరకు పెట్టుబడి తిరిగొచ్చే వస్తువు బడిలో ఐదారేళ్లు పడుతుంది. షాపువాడు చెప్పే లెక్క ఇంటి లెక్క అని గుర్తుపెట్టుకోండి.

మూడోది, ఎవరు చూసుకుంటారు. ఉత్సాహం ఉన్న ఒక్క టీచర్ మీద నడిచే పని, ఆ టీచర్‌కు బదిలీ అయిన రోజే ఆగిపోతుంది. ఇక పిల్లలు ఏం నేర్చుకుంటారన్నది నాలుగోది. ఇది ఆఫీసు కాదు, బడి. మిద్దె మీద సోలార్ పలకలు బిగించేసి పిల్లల్ని పైకి ఎక్కనివ్వకపోతే బిల్లు తగ్గుతుందేమో గానీ పిల్లలకు ఒరిగేదేమీ ఉండదు.

పోలిక ఒక్క చూపులో

ఊహకు ఒక మామూలు హైస్కూలు తీసుకుందాం. 10 తరగతి గదులు, గదికి 4 పాత ఫ్యాన్లు (ఒక్కోటి 75 వాట్లు), 2 పాత ట్యూబ్‌లైట్లు (చోక్‌తో కలిపి ఒక్కోటి 48 వాట్ల దాకా). అంటే గదికి దాదాపు 400 వాట్లు. అన్నీ 1,400 గంటలు నడిస్తే తరగతి గదులకే ఏడాదికి 5,600 యూనిట్లు. యూనిట్‌కు 8 రూపాయలు అనుకుందాం. మీ బిల్లులో ఎనర్జీ ఛార్జీని యూనిట్లతో భాగిస్తే మీ అసలు రేటు తెలుస్తుంది. ఫిక్స్‌డ్ ఛార్జీని మాత్రం ఇందులో కలపొద్దు, అది ఒప్పంద లోడ్‌ను (కనెక్షన్ తీసుకున్నప్పుడు రాసుకున్న కిలోవాట్లను) బట్టి పడేది, స్విచ్ ఆపినంత మాత్రాన తగ్గదు.

| చేసే పని | పెట్టుబడి (సుమారు) | ఏడాదికి యూనిట్లు | డబ్బు తిరిగొచ్చేది | పిల్లలకు దక్కేది |
|---|---|---|---|---|
| ర్యాలీ, పోటీలు | బ్యానర్, బహుమతుల ఖర్చు | లెక్కకు అందదు | లేదు | ఒక రోజు హడావిడి, ఒక సర్టిఫికెట్ |
| మీటర్ జట్టు (రోజూ రీడింగ్ రాసే పిల్లలు) | ఒక నోటుబుక్కు | 800 తగ్గుతాయి | వెంటనే | చాలా |
| మోటారుకు ఆటోమేటిక్ స్విచ్ | 1,500–2,500 రూపాయలు | 150 తగ్గుతాయి, నీళ్లు కూడా | రెండేళ్లు, అటూఇటూ | కొద్దిగా |
| 20 ఎల్‌ఈడీ ట్యూబ్‌లు | 5,000–6,000 | 780 తగ్గుతాయి | ఏడాదిలో | కొద్దిగా |
| 40 బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం) ఫ్యాన్లు | 1,20,000 | 2,500 తగ్గుతాయి | ఆరేళ్లు | కొద్దిగా |
| మిద్దె మీద సున్నం | వేలల్లో | బిల్లు పెద్దగా తగ్గదు | లెక్క వేరు | చల్లటి గది |
| సోలార్ 4 కిలోవాట్లు | 2.2–2.6 లక్షలు | 5,800 తయారవుతాయి | ఐదేళ్లు, నెట్ మీటర్ (గ్రిడ్‌కు పంపిన యూనిట్లను బిల్లులో సర్దేది) ఉంటే | చూపిస్తే చాలా |

ఇది కాగితం మీద లెక్క. ట్యూబ్‌లైట్లు పగలంతా వెలగని బడిలో ఎల్‌ఈడీ లాభం సగానికి పడిపోతుంది. ఫ్యాన్లు అంతే, డిసెంబరులో మదనపల్లె, పలమనేరు వైపు ఫ్యాను వేస్తే పిల్లలే "సార్, ఆపేయండి" అంటారు.

ర్యాలీ, పోటీలు

ఏటా డిసెంబరు 14న జాతీయ ఇంధన పొదుపు దినోత్సవం. ఆ వారమంతా వ్యాసరచన, చిత్రలేఖనం, క్విజ్, బ్యానర్ పట్టుకుని నాలుగు వీధులు. 2001లో ఇంధన పొదుపు చట్టం వచ్చి, 2002లో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ (బీఈఈ) ఏర్పడ్డాక బడిపిల్లల చిత్రలేఖన పోటీలు దేశమంతా అలవాటయ్యాయి. తిరుపతిలో ఉండేవాళ్లకు ఇంకో సౌకర్యం కూడా ఉంది. మనకు కరెంటు పంపిణీ చేసే ఏపీఎస్పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం ఊళ్లోనే ఉంది, అలిపిరి దారిలో ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం ఉంది, పిల్లల్ని తీసుకెళ్లడానికి ఒక పూట చాలు.

నిజం చెప్పాలంటే ర్యాలీ వల్ల ఒక్క యూనిట్ కూడా తగ్గినట్టు ఎవరూ చూపించలేరు. ర్యాలీకి పోయేటప్పుడు తరగతిలో ఫ్యాన్లు ఆపి వెళ్లారా అని అడిగి చూడండి, తెలుస్తుంది. అయినా పూర్తిగా వద్దనను. మీటర్ జట్టు డిసెంబరుకల్లా రెండు మూడు నెలల లెక్కలు తీసి ఉంటే, ఆ వారం వాళ్ల చేత ప్రార్థనలో చదివించండి. అప్పుడు ఆ దినోత్సవానికి ఒక అర్థం ఉంటుంది. లేకపోతే సెల్ఫీలకు పనికొస్తుంది.

మీటర్ జట్టు: ఖర్చు లేనిది, అందరూ వదిలేసేది

8, 9 తరగతుల నుంచి ఆరుగురు పిల్లలు, ఒక నోటుబుక్కు. పొద్దున ప్రార్థనకు ముందొకసారి, సాయంత్రం బడి వదిలాక ఒకసారి మీటర్ రీడింగ్ రాయడం. ఇంతే. డిజిటల్ మీటర్‌లో అంకెలు మారుతూ ఉంటాయి: తేదీ, టైము, తర్వాత యూనిట్లు, ఇంకా కొన్ని. కేడబ్ల్యూహెచ్ అని పక్కన కనిపించేదే యూనిట్ల అంకె, ఎండీ అని కనిపించేది ఆ నెలలో పడిన అత్యధిక లోడ్. మీటర్ పెట్టెను పిల్లలు ముట్టుకోకూడదు, దూరం నుంచి చూసి రాసుకోవడమే. ఇది మాత్రం గట్టిగా చెప్పి పెట్టండి.

రెండు వారాలు రాస్తే ఒక తమాషా బయటపడుతుంది. సాయంత్రం తాళం వేశాక, పొద్దున తాళం తీసేలోపు ఎన్ని యూనిట్లు పోయాయి? ఎవరూ లేని బడిలో కరెంటు ఎవరు వాడుతున్నారు? సీసీ కెమెరాలు సరే, వాటికి పెద్దగా కాదు. రాత్రంతా చల్లబరుస్తూనే ఉండే వాటర్ కూలర్, ఆపకుండా వదిలేసిన కంప్యూటర్ల యూపీఎస్‌లు, స్టాండ్‌బైలో ఎర్ర లైటు వెలుగుతూ ఉండే డిజిటల్ బోర్డు, మరుగుదొడ్ల దగ్గర తెల్లార్లూ వెలిగే బల్బు. ఆదివారం రీడింగ్ కూడా తీయిస్తే, అంటే శనివారం సాయంత్రం, సోమవారం పొద్దున, ఈ దొంగలంతా ఒకేసారి దొరుకుతారు. ఒక్కో ప్లగ్గూ పీకి మళ్లీ చూడమంటే పిల్లలు డిటెక్టివుల్లా పనిచేస్తారు, వాళ్లకు చెప్పాల్సిన పనే ఉండదు.

ఇక పగటి లెక్క. మధ్యాహ్న భోజనం, ఆటల పీరియడ్, ప్రార్థన, ల్యాబ్‌కు వెళ్లినప్పుడు, అన్నీ కలిపి గది ఖాళీగా ఉండే సమయం రోజుకు రెండు గంటలు సులువుగా ఉంటుంది. 400 వాట్లు రెండు గంటలంటే 0.8 యూనిట్, పది గదులకు 8, 200 రోజులకు 1,600. అందులో సగం ఆపగలిగినా 800 యూనిట్లు, 6,400 రూపాయలు. పెట్టుబడి సున్నా. పదో తరగతి విద్యుత్ పాఠంలో కిలోవాట్ అవర్ లెక్కలు చేయించేటప్పుడు పుస్తకంలోని అంకెలకు బదులు ఈ నోటుబుక్కు తెరిచి చూడండి, వెనక బెంచీ కూడా లేచి కూర్చుంటుంది.

దీని బలహీనత ఒక్కటే, మూడు నెలలకు నీరసపడుతుంది. అందుకు జర్మనీలోని హాంబర్గ్ నగరం 1994లో మొదలుపెట్టిన పద్ధతి బాగుంది: తగ్గిన బిల్లు డబ్బులో సగం బడికే ఇచ్చేస్తారు, పేరు కూడా ఫిఫ్టీ ఫిఫ్టీ. తర్వాత ఐరోపాలో చాలా దేశాల బడులు దీన్ని తీసుకున్నాయి. మన దగ్గర ప్రైవేటు కరస్పాండెంట్ ఎవరైనా "పోయినేడు ఇదే నెల బిల్లు కన్నా తగ్గినదాంట్లో సగం మీ వాలీబాల్ కిట్టుకు" అని ప్రార్థనలో ఒక్క మాట అంటే చాలు, ఆ నోటుబుక్కు ఏడాదంతా నడుస్తుంది. ఒక షరతు: పోల్చేది పోయిన నెలతో కాదు, పోయినేడు అదే నెలతో, రూపాయలు కాదు యూనిట్లు. నవంబరును ఆగస్టుతో పోలిస్తే చలికాలం చేసిన ఆదా పిల్లల ఖాతాలో పడుతుంది. రూపాయల్లో చూస్తేనేమో ట్రూఅప్ ఛార్జీలు (కరెంటు సంస్థ పాత ఖర్చులకు తర్వాత బిల్లులో వేసేవి) వచ్చి లెక్కంతా పాడుచేస్తాయి.

మోటారు, లైట్లు

ట్యాంకు నిండి మిద్దె మీంచి నీళ్లు కారుతుంటే "ఎవరైనా మోటారు ఆపండ్రా" అని అరుపు వినపడని బడి ఉందా? ఒకటిన్నర హెచ్‌పీ మోటారు కిలోవాటున్నర దాకా లాగుతుంది. రోజుకు అరగంట ఊరికే తిరిగితే ఏడాదికి 150 యూనిట్లు. కరెంటు కన్నా నీళ్లే ఎక్కువ బాధ, ఎండాకాలం ట్యాంకరు తెప్పించుకునే బడుల్లో మరీనూ. ఆటోమేటిక్ వాటర్ లెవల్ స్విచ్ పెట్టించండి, ఆలోచించాల్సిన పని లేదు.

ఎల్‌ఈడీ ట్యూబ్ కూడా అంతే. 18 నుంచి 20 వాట్లలో అదే వెలుగు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. పాత పట్టీలోనే ఎల్‌ఈడీ గొట్టం దూర్చి, చోక్ అలాగే వదిలేస్తే ఆ చోక్ కొంత కరెంటు తింటూనే ఉంటుంది, కొన్నిసార్లు గొట్టమే త్వరగా పోతుంది. చోక్, స్టార్టర్ తీసేయించి నేరుగా కలిపించండి, లేదా పట్టీతో సహా కొత్తది బిగించండి. ధరలో తేడా స్వల్పం. అసలు ఇంకా ముందు చేయాల్సింది కిటికీలకు అడ్డంగా పెట్టిన బీరువాలు, పాత చార్టులు తీయడం. మన ఎండకు పగలు పదింటికి లైటు వెయ్యాల్సి వస్తోందంటే తప్పు లైటుది కాదు.

ఫ్యాన్లు: ఇక్కడే గందరగోళం

బీఎల్‌డీసీ ఫ్యాను 28 నుంచి 35 వాట్లలో తిరుగుతుంది, పాతది 70 నుంచి 80. ఒక్కో ఫ్యానుకు 45 వాట్లు మిగులు, 1,400 గంటలకు 63 యూనిట్లు, అంటే 500 రూపాయలు. ఫ్యాను ధర 3,000 దగ్గర ఉంటే ఆరేళ్లు. బాగా తిరుగుతున్న ఫ్యానును పీకి కొత్తది పెట్టడం డే స్కూలుకు గిట్టుబాటు కాదు. ఎలాగూ పాడైన ఫ్యాను స్థానంలో కొనేటప్పుడు మాత్రం వేరే లెక్క: మామూలు ఫ్యానుకూ దీనికీ ధరలో తేడా ఒకటిన్నర వేలు, ఆ మామూలుది పాతదానంత కరెంటే లాగుతుంది అనుకుంటే మూడేళ్లలో వచ్చేస్తుంది, తక్కువ లాగేదైతే ఇంకా ఆలస్యం. సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ 2023 జనవరి నుంచి తప్పనిసరి కాబట్టి డబ్బా మీద నక్షత్రాలు చూసి కొనడం కూడా సులువైంది.

హాస్టల్ ఉన్న బడి, కాలేజీ అయితే మొత్తం తిరగబడుతుంది. తిరుపతిలో రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలకు కొదవ లేదు కదా, అక్కడ స్టడీ అవర్లు, రాత్రి నిద్ర కలిపి ఫ్యాను ఇరవై గంటలు తిరుగుతుంది. అక్కడ వెంటనే మార్చేయండి.

రిమోట్ గురించి ఎవరూ ముందుగా చెప్పరు. చాలా బీఎల్‌డీసీ ఫ్యాన్లు గోడ మీది పాత రెగ్యులేటర్‌తో పనిచేయవు, రిమోట్ కావాలి. నలభై మంది పిల్లలున్న గదిలో రిమోట్ ఎన్నాళ్లుంటుంది? ఆరో తరగతి రిమోట్ ఎనిమిదో తరగతి ఫ్యానును ఆపుతుంటే పాఠం సాగినట్టే. కొనేటప్పుడే స్విచ్ వేసి ఆపితే స్పీడు మారే రకమో, గోడ రెగ్యులేటర్‌తో వచ్చే రకమో అడిగి తీసుకోండి. ఇంకా పాత ఫ్యాన్లకు పెద్ద పెట్టెలాంటి రెగ్యులేటర్లు మిగిలి ఉంటే అవి తక్కువ స్పీడులో కరెంటును వేడిగా పోగొడతాయి, ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ పెట్టిస్తే చాలు, ఫ్యానంతా మార్చక్కర్లేదు.

మిద్దె మీద సున్నం

శ్రీకాళహస్తి, పుత్తూరు, నగరి, తిరుపతి ఎండ తెలిసినవాళ్లకు పైఅంతస్తు గది మధ్యాహ్నం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఫ్యాను తిప్పితే వేడిగాలే కిందికి వస్తుంది. మిద్దెకు తెల్లటి సున్నం పూత, ఊడిపోకుండా కాస్త ఫెవికాల్ కలిపి వేస్తే గదిలో కొన్ని డిగ్రీలు తేడా తెలుస్తుంది. కూల్ రూఫ్ పెయింట్ అయితే ఎక్కువ కాలం నిలుస్తుంది, ఖర్చు కూడా కొన్ని రెట్లు ఎక్కువ. సున్నం ఏటా ఎండలు ముదిరేలోపు, ఫిబ్రవరిలో వేయించాలి. ఏసీ ఉన్న కంప్యూటర్ ల్యాబ్ మిద్దె కిందే ఉంటే బిల్లులో కూడా కనపడుతుంది. లేకపోతే బిల్లు కోసం కాదు, పిల్లలు కూర్చోగలగడం కోసం చేయండి. పలమనేరు, కుప్పం, పుంగనూరు వైపు ఎత్తు ప్రాంతం కాబట్టి ఇది అంత తొందర కాదు, ఆ డబ్బు వేరేదానికి పెట్టొచ్చు.

సోలార్ ఎందుకు ఆఖర్న

సోలార్ మంచిదే. తిరుమల కొండ మీద అన్నప్రసాదం వంటకు కావాల్సిన ఆవిరిని ఎండతో తయారుచేసే అద్దాల డిష్షులు 2002లోనే పెట్టిన ఊరు మనది, ఎండ విలువ మనకు ఒకరు చెప్పాలా. మన దగ్గర ఒక కిలోవాటుకు రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయి, దాదాపు వంద చదరపు అడుగుల నీడలేని మిద్దె కావాలి. కానీ ముందు సోలార్ పెట్టి తర్వాత ఫ్యాన్లు మార్చడం అంటే కొలత తీసుకోకుండా చొక్కా కుట్టించుకోవడమే. మన లెక్కలోని బడికి ఇప్పటి 5,600 యూనిట్లకు 4 కిలోవాట్లు కావాలి. ఫ్యాన్లు, లైట్లు మారాక గది లోడ్ 400 నుంచి 160 వాట్లకు పడుతుంది, ఏడాదికి 2,240 యూనిట్లు, అప్పుడు రెండు కిలోవాట్ల లోపే సరిపోతుంది. మొత్తం ఖర్చు రెండు దారుల్లోనూ దాదాపు ఒకటే, కానీ రెండో దారిలో కొత్త ఫ్యాన్లు చేతికొస్తాయి, తుడవాల్సిన పలకలు సగమవుతాయి, కరెంటు పోయినప్పుడు బ్యాటరీ ఇన్వర్టర్ రెట్టింపు సేపు లాగుతుంది.

కరెంటు పోయినప్పుడు అన్నాను కదా, చాలామంది పొరబడేది ఇక్కడే. బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ సోలార్, అంటే నేరుగా లైన్‌కు కలిపినది, లైన్‌లో కరెంటు లేనప్పుడు పనిచేయదు. లైన్‌మన్ ప్రాణాలకు ప్రమాదం కాబట్టి సోలార్ ఇన్వర్టర్ దానంతటదే ఆగిపోతుంది. "ఎండ కాస్తోంది, కరెంటు ఎందుకు లేదు" అని తర్వాత గొడవ పడొద్దు.

ఎండ బాగా కాసే రోజుల్లోనే బడి సగం రోజు, తర్వాత సెలవులు. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు, ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా తాళం. ఆ యూనిట్లన్నీ గ్రిడ్‌కు పోతాయి. నెట్ మీటర్ లేకపోయినా, ఉన్నా సర్దుబాటు ఎలా చేస్తారో డిస్కమ్ (కరెంటు పంపిణీ సంస్థ) నుంచి రాతపూర్వకంగా తెలుసుకోకపోయినా, ఐదేళ్ల లెక్క తొమ్మిది పదేళ్ల దాకా జరగొచ్చు. పీఎం సూర్యఘర్ రాయితీ 78,000 అని విని ఆశపడేవాళ్లున్నారు, అది 2024లో ఇళ్ల కోసం పెట్టిన పథకం, బడికి వర్తించదు. పెట్టుబడి లేకపోతే కంపెనీయే పలకలు పెట్టి యూనిట్‌కు ఇంత అని తీసుకునే పద్ధతి ఉంది, సంతకం పెట్టే ముందు ఎన్నేళ్ల ఒప్పందమో, మధ్యలో మిద్దె మీద గది కట్టుకోవాల్సి వస్తే ఏమిటో చదవండి.

అలిపిరి, కపిలతీర్థం వైపు బడులకు ఇంకో తలనొప్పి, కోతులు. వైర్లు పట్టుకుని ఊగుతాయి, పలకల మీద గెంతుతాయి. కేబుళ్లన్నీ గట్టి పైపుల్లో వేయించండి. బోరు నీళ్లతో కడిగితే ఉప్పు మరకలు తెల్లగా కట్టేస్తాయి, మెత్తటి బ్రష్, మంచినీళ్లు కావాలి, అది కూడా పొద్దున్నే, పలకలు వేడెక్కకముందే.

మీరెవరు, మీకేది

జెడ్పీ హైస్కూలు హెచ్‌ఎం అయితే మీటర్ జట్టుతో మొదలుపెట్టి, బడి నిర్వహణకు ప్రభుత్వం ఇచ్చే కాంపోజిట్ గ్రాంటులో వీలైనంత మోటారు స్విచ్‌కు, ఎల్‌ఈడీలకు. రెండు నెలల నోటుబుక్కు చేతిలో ఉంటే పాఠశాల కమిటీ ముందూ, దాతల ముందూ అడగడం తేలిక. పూర్వ విద్యార్థులు ఏదైనా ఇస్తామంటే మైక్‌సెట్టు కాదు, నాలుగు బీఎల్‌డీసీ ఫ్యాన్లు అడగండి. బదిలీల భయం ఉంటే జట్టు బాధ్యత టీచర్ పేరు మీద కాదు, తొమ్మిదో తరగతి పేరు మీద పెట్టండి, ఏటా ఆ తరగతికి ఎవరొస్తే వాళ్లదే.

కొర్లగుంట, బైరాగిపట్టెడ లాంటి చోట్ల అద్దె బిల్డింగులో నడిచే చిన్న ప్రైవేటు బడి అయితే సోలార్ మాట ఎత్తొద్దు. మిద్దె ఓనరుది, ఇల్లు ఖాళీ చేయమంటే పలకలు విప్పడానికే ఖర్చు. విప్పుకుని తీసుకెళ్లగలిగే ఎల్‌ఈడీలు, ఫ్యాన్లు మీవి. పాత ఫ్యాన్లు విప్పి ఓనరుకు అప్పజెప్పి రసీదు తీసుకోండి, లేకపోతే అడ్వాన్సులో కోత పడుతుంది.

సొంత క్యాంపస్, హాస్టల్, ఏసీలున్న పెద్ద సంస్థకు ఫ్యాన్లు, సోలార్ రెండూ గిట్టుబాటే, వరస మాత్రం అదే. ఏసీలు 24 డిగ్రీల దగ్గర పెట్టి ఫ్యాను కలిపి నడపండి. ఒక్కో డిగ్రీ పెంచితే 6 శాతం దాకా కరెంటు తగ్గుతుందని బీఈఈ చెబుతుంది. ఎండీ అంకె నెలనెలా ఒప్పంద లోడ్ కన్నా బాగా తక్కువగా ఉంటే లోడ్ తగ్గించుకోవడానికి దరఖాస్తు పెట్టొచ్చేమో అడగండి, ఫిక్స్‌డ్ ఛార్జీ తగ్గే దారి అదొక్కటే.

తల్లిదండ్రులు పేరెంట్స్ మీటింగులో "సోలార్ పెట్టారా" అని అడిగే బదులు "రాత్రిపూట రీడింగ్ ఎంత" అని అడగండి. జవాబు దొరక్కపోతే మీ పిల్లవాడి చేతికే ఒక నోటుబుక్కు ఇచ్చి పంపండి. మొదలుపెట్టడానికి జూన్ 12న బడి తెరిచే వారం బాగుంటుంది. సెలవుల రీడింగ్ కూడా కావాలనుకుంటే ఏప్రిల్‌లో ఆఖరి రోజు తాళం వేసేటప్పుడే మీటర్‌కు ఒక ఫొటో తీసి పెట్టుకోండి.